బ్రేక్ తొక్కితే వెలగాలె

ఖమ్మం
5 నవంబర్ 2008

లాలక్కకు,

అక్కా, పండగ అయినంక బస్సెక్కి వచ్చిన, వైరింగు షాపుకు చేరిన. ఓనరు గోపాలన్న ఏమనలే. రెండు రోజులు లేటుగ వచ్చినందుకు ఒక చూపు చూసిండు, గంతే.

ఉత్తరం ఎందుకు రాస్తున్నడు వీడు, ఫోన్ ఉంది గదా అనుకుంటవ్. ఫోను బావ జేబుల ఉంటది. మెసేజ్ పెడితే బావ టేకులపల్లి స్టాండుల డ్రైవర్లందరికి చదివి వినిపిస్తడు. నాలుగో తరగతిల బడి మానేసినోని రాత, తప్పులుంటయ్, నవ్వకు. మన లంబాడీల రాద్దామంటే దానికి అక్షరాలు లేవాయె. తెలుగుల రాస్తే సగం కోపం దారిలనే కారిపోతది. మిగిలిన సగమే నీకు పంపుతున్న.

కోపం ఎందుకంటవా? బావ మీద. పండగకు వచ్చి ఒకటిన్నర రోజు ఎండల కూసొని బావ సుమోకు ఎనక లైట్లు మార్చిన. పాత బల్బుల లైట్లు పీకేసి ఎల్ఈడీ లైట్లు పెట్టిన. అయినంక బావ ఏమన్నడు? స్టాండుకు తీస్కపోయి అందరి ముందట, "సూర్యుణ్ణి తెస్తనని చెప్పి మిణుగురు పురుగును తెచ్చిండ్రా మా బామ్మర్ది" అన్నడు. అందరు నవ్విన్రు. నేను జాకీ మీద కూసొని నేల దిక్కు చూసిన. నా సంగతి నీకు తెల్సు గదా, పది మంది ఉంటే నా నోరు తాళమేసినట్టే.

గప్పుడు చెప్పంది ఇప్పుడు చెప్తున్న, బావకు చదివి వినిపియ్. ఆ లైటుకు రెండు వెలుగులు ఉంటయ్. హెడ్‌లైట్ ఏస్తే ఎనక సన్నగ వెలుగుతది. ఎనకటోనికి "ఇక్కడ బండి ఉంది" అని చెప్పేతందుకు గది చాలు. బ్రేక్ తొక్కితే భగ్గున వెలగాలె. "ఆగుతున్న, నువ్వూ ఆగు" అని దానర్థం. ఎప్పుడూ భగ్గుమంటుంటే ఆగినప్పుడు ఏం చెప్తది? ఎప్పుడూ అరిచేటోని అరుపు ఎవరింటరు?

ఇండికేటర్ ఏస్తే పిచ్చెక్కినట్టు టకటక కొట్టుకుంది గదా, దానికీ నవ్విండు బావ. ఎల్ఈడీ కరెంటు తక్కువ తింటది, బల్బు పోయిందేమో అనుకొని దాన్ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ అట్ల కొట్టుకుంటది. దానికి రెసిస్టర్ అని చిన్న బిళ్ల పెట్టిన, ఇప్పుడు సక్కగ కొడుతుంది. అది కాలుతది. రేకుకే బిగించిన. పిల్లగాండ్లను ముట్టనియ్యకు.

గోపాలన్న నాకు సొంతంగ పని ఒప్పజెప్పకముందు నేను పూర్తిగ చేసిన మొదటి బండి అది. మిణుగురట.

కోటేష్


బావ ఫోను నుంచి మెసేజ్, 20 నవంబర్, పగలు:

అరె బామ్మర్ది. లైట్లు ఇప్పుడు మస్తున్నయ్. జిగేల్. స్టాండుల అందరు ఎవరు చేసిన్రు అని అడుగుతున్నరు. నీ పేరే చెప్పిన.

కోటేష్ మెసేజ్:

సంతోషం బావా. అక్కను అడిగిన అని చెప్పు.


తండా, టేకులపల్లి
14 డిసెంబర్ 2008

తమ్ముడు కోటేష్‌కు,

బాగున్నవా? కూసొని చదువు.

పోయిన సోమవారం పొద్దుగాల మీ బావ బోడు రోడ్డు మీద వస్తుంటే మంచు బాగ కురుస్తుందట. లైట్లు ఏసుకునే వస్తుండు. మలుపు కాడ రెండు లేగదూడలు అడ్డమొచ్చినయట. ఆయన బ్రేక్ తొక్కిండు. ఎనక పగిడయ్య మోపెడ్ మీద చీపురు కట్టలు కట్టుకొని సంతకు వస్తుండు. అడవిల గూడెపోడు పగిడయ్య, నీకు తెల్సు, చీపుర్లు అమ్ముతడు. వచ్చి గుద్దిండు. కుడి కాలు మోకాలి కింద రెండు కాడ ఇరిగింది. కొత్తగూడెం దవాఖానల రాడ్ ఏసిన్రు. పాణానికి ఏం కాలే, మన నసీబు.

గూడెపోళ్లు, మనోళ్లు కలిసి మన తండా పెద్ద రెడ్యా కాక ఇంటికాడ కూసున్నరు. పోలీసు కేసు వద్దు, మనల మనం తేల్చుకుందాం అన్నరు. సుమోను రెడ్యా కాక వాకిట్ల పెట్టిచ్చిన్రు, తేలే దాకా ఎవ్వరూ ముట్టొద్దన్నరు. పగిడయ్య, ఆయన ఎనక సైకిలు మీద వచ్చే ఇద్దరు ఒకటే మాట చెప్తున్నరు. బ్రేక్ తొక్కినట్టు ఎనక లైటు చూపెట్టలే అని.

లైట్లు ఎవరు పెట్టిన్రు అని అడిగిన్రు. మీ బావ నీ పేరు చెప్పిండు. చెప్పక తప్పలే.

వచ్చే ఆదివారం పెద్దలు మళ్ల కూసుంటరు. నువ్వు రావాలె. తమ్ముడూ, ఒక్కమాట. వచ్చినంక ఏం మాట్లాడకు. తల దించుకో, చాలు. నీకు ఎట్లాగూ మాట్లాడుడు రాదు. పెద్దోళ్లు నాలుగు మాటలంటరు, అనుడు అయినంక ఊకుంటరు. పిల్లగాని తప్పు అంటే ఎవరన్న మాఫీ చేస్తరు.

పిల్లలు నిన్ను అడుగుతున్నరు.

లాలి


ఖమ్మం
23 డిసెంబర్ 2008

అక్కా,

తల దించుకోమన్నవ్, దించుకున్న. మెడ ఇప్పటికీ నొస్తుంది.

నువ్వు దడి అవతల ఆడోళ్లల్ల ఉన్నవ్, అన్నీ వినపడ్డయో లేదో. రెడ్యా కాక అడిగిండు, "ఏం పిల్లగా, లైట్లు పెట్టింది నువ్వేనా?"

"అవ్" అన్న.

"మరి బ్రేక్ ఎందుకు వెలగలే?"

నేను ఏం చెప్పాలె? వెలుగుతది అని చెప్పాలె. నా చేత్తోని పెట్టిన, పదిసార్లు తొక్కి చూసిన అని చెప్పాలె. నాలుక అంగిట్లకు అంటుకపోయింది. పగిడయ్య తమ్ముడు లచ్చయ్య లేదూ, ఆయన అన్నడు, "వీని నోరు గూడ ఎల్ఈడీనే, కరెంటు తక్కువ." అందరు నవ్విన్రు. కాలిరిగినోని తమ్ముడు గూడ నవ్విండు. బావ నవ్వలే. బావ గోర్లు చూసుకుంటుండు. గప్పుడే నాకు మనసుల ఏదో గుచ్చుకుంది. నన్ను చూసి నవ్వే అవకాశం బావ ఎప్పుడూ ఇడిసిపెట్టడు.

ఏం తేల్చిన్రో విన్నవ్ గదా. ఎవని చెయ్యి చెడగొట్టిందో ఆ చెయ్యే పని చెయ్యాలె. పగిడయ్య కర్ర లేకుంట నిలబడే దాకా ఆయన చీపురు గడ్డి నేను కొయ్యాలె, కట్టలు కట్టాలె, సంతకు మొయ్యాలె. అడవిల, వాళ్ల గూడెంల ఉండాలె. మూడు నెలలో, ఆరు నెలలో.

షాపుల సంగతి విను. గోపాలన్నకు తెల్సిపోయింది. "నీ చేతికి నేను జిమ్మెదారు గాను. వైరు ముట్టుకోకు, బ్యాటరీలల్ల నీళ్లు పొయ్యి" అన్నడు. నాకంటే ఎనక వచ్చిన పోరడు నా టెస్ట్ లాంపు పట్టుకొని తిరుగుతుండు. ఆరు నెలలు అడవిల ఉండి వస్తే ఇక్కడ నా జాగ ఉంటదా? ఉండదని మొఖం మీదనే చెప్పిండు. బ్రేక్ పని చెయ్యని వైరింగు చేసినోనికి ఖమ్మంల ఏ షాపుల జాగ ఇస్తరు, నువ్వే చెప్పు.

నా తప్పు అయితే చేస్త అక్కా. ఆయన కాలు ఇరిగింది, గడ్డి కోస్తే నా చెయ్యేం పోదు. గని తప్పు నాదేనా? గది తెల్వాలె.

ఒక్క పని చెయ్యి. రెడ్యా కాక వాకిట్ల సుమో ఉంది. ఎనక లైటు రెండు స్క్రూలు ఇప్పితే ఊడి చేతిలకు వస్తది. ఎనక నాలుగు జాయింట్లు ఉంటయ్. నేను ప్రతి జాయింటుకు సోల్డర్ పెట్టిన, అంటే సీసం కరిగించి అతికించిన, మీదికెళ్లి నల్ల స్లీవు తొడిగిన. నాలుగింటికీ సోల్డర్ ఉంటే తప్పు నాది. నోరు మూసుకొని గూడెంకు పోత. లేకుంటే ఎవడో వైర్లు తిప్పిండు.

చూసి రాయి. జల్దీ రాయి.

కోటేష్


తండా
30 డిసెంబర్ 2008

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. చిన్నోనికి జరం, మూడు రోజుల సంది ఇల్లు కదల్లే. సుమో మీద టార్పాలిన్ కప్పిన్రు. ముట్టొద్దన్న బండిని ఆడదాన్ని నేను పోయి ఇప్పితే కొండమ్మ పిన్ని ఊకుంటదా? రెడ్యా కాక భార్య సంగతి నీకు తెల్వదా, ఆమె కండ్లు తండా అంత తిరుగుతయ్.

అయినా ఇప్పుడు సోల్డర్ చూసి ఏం చేస్తవ్? పెద్దోళ్లు తేల్చిన్రు. ఒకసారి తేల్చినంక మళ్ల తవ్వితే మన ఇంటికే చెడ్డపేరు. మీ బావ అన్నం సక్కగ తింటలేడు. నిద్ర పోతలేడు. రేపు సుమో ఇడిసిపెడితేనే మాకు పొయ్యి ఎలుగుతది. డ్రైవరు తప్పు అంటే ఈ రోడ్డు మీద ఆయన బండి ఎవరు ఎక్కుతరు? పిల్లలను ఎవరన్న ఎక్కిస్తరా? నువ్వు ఒక్కనివి కోటేషూ. మేం నలుగురం. చిన్నోనివి, నీకేం మునుగుతది, రెండు నెలలు పోతే అందరు మర్చిపోతరు.

గూడెంల మంచిగుండు. పుల్లమ్మ, అంటే పగిడయ్య భార్య, నోరు పెద్దది గని మనసు మంచిది.

లాలి


కోటేష్ మెసేజ్, బావ ఫోనుకు, 3 జనవరి 2009:

అక్కకు చెప్పు. సోల్డర్ ఉందా లేదా. గదొక్కటే.

కోటేష్ మెసేజ్, 4 జనవరి:

ఉందా లేదా.

బావ మెసేజ్, 4 జనవరి:

మెసేజ్‌లు పెట్టకు. పోలీసులు ఫోన్లు చూస్తరట.

కోటేష్ మెసేజ్:

చూడనియ్. నాకేం భయం. నీకెందుకు భయం?




పగిడయ్య ఇల్లు, గూడెం
19 జనవరి 2009

లాలీ,

అక్కా అని రాస్తలే. చదివితే ఎందుకో నీకే తెలుస్తది.

పది రోజులాయె ఇక్కడికొచ్చి. పొద్దుగాల గుట్టెక్కి గడ్డి కోస్త, మధ్యాహ్నం ఎండబెట్టి దులుపుత, సాయంత్రం కట్టలు కడుత. పుల్లమ్మత్త నాకు పేరు పెట్టింది. "ఓ లైట్లోడా, చీపురుకు గూడ కరెంటు పెడతవా, జల్దీ కట్టు" అంటది. మొదటి రోజు నాకు అన్నం ముంత దూరంగ నెట్టింది. మూడోరోజు దగ్గరికి నెట్టింది. నేను మాట్లాడనని ఆమెకు ఇంకా కోపం. "తిట్టేదానికి ఎదురు మాట లేకుంటే తిట్టుల రుచేముంటదిరా" అంటది.

పగిడయ్య మామ మంచం మీద కాలు చాపుకొని కూసుంటడు. నన్ను ఒక్క మాట అనలే. గదే నాకు కష్టం. నిన్న గడ్డి దులుపుతుంటే నేనే నోరు తెరిచి అడిగిన. ఇట్ల ఒకరితో ఒకరం ఉంటే నాకు మాట వస్తది.

"మామా, నీకేం కనపడ్డది ఆ పొద్దు?"

"ఏం కనపడాలె? సుమో ఎనక ఎర్రగ మండుతుంది. బోడు కాడికెళ్లి మండుతనే ఉంది. పొయ్యి లెక్క. దాన్ని చూసుకుంటనే మంచుల ఎనకెనక వచ్చిన. ఆగుతుందని నాకెట్ల తెలుస్తదిరా? ఏం మారలే."

"మండుతుందా? సన్నగ కాదా?"

"సన్నగ ఏంది, కండ్లు జిగేలుమంటయ్."

నా చేతిల గడ్డి కింద పడ్డది. జిగేల్. బావ మెసేజ్‌ల అదే మాట. "ఇప్పుడు మస్తున్నయ్" అని పెట్టిండు. ముందుగాల మిణుగురు అన్నోనికి ఇప్పుడు ఎట్ల మస్తయింది? గప్పుడే నాకు తట్టాలె. పొగిడినందుకు కడుపు నిండి బుర్ర పని చెయ్యలే.

ఈ పొద్దు సంతకు కట్టలు మోసుకొచ్చిన. దించినంక మిట్టమధ్యాహ్నం రెడ్యా కాక ఇంటికి పోయిన. అందరు సంతల ఉన్నరు. టార్పాలిన్ ఎత్తి, కొడవలి మొనతోని రెండు స్క్రూలు ఇప్పిన.

నాలుగు జాయింట్లు. ఎర్తింగు, ఇండికేటర్. ఆ రెండిటికీ నా సోల్డర్ ఉంది, నా స్లీవు ఉంది. మిగిలినవి పార్కింగు, బ్రేకు. ఆ రెండు కోసిన్రు. దీని వైరు దానికి, దాని వైరు దీనికి మార్చి చేత్తోని మెలిపెట్టిన్రు. అందుకే హెడ్‌లైట్ ఏస్తే బ్రేక్ వెలుగు వస్తుంది. ఇగ బ్రేక్ తొక్కితే ఏముంటది మారేదానికి? భగ్గుమనేది ముందే మండుతుంది. అవతలి లైటు గూడ ఇప్పిన. అదీ గంతే.

బావ తిప్పిండు అనుకున్న. కోపం వచ్చింది, గని ఆశ్చర్యం రాలే.

తర్వాత చూసిన, ఆ మెలిక మీద టేపు లేదు. పాలకవరు ముక్క చుట్టి దారంతోని కట్టిన్రు. ఎర్ర దారం, పసుపు దారం కలిపి. అద్దాల రైకకు కుట్టే దారం. చివర్న మూడు చుట్లు తిప్పి, మలుపుల నుంచి లాగి, పండ్లతోని కొరికిన ముడి. మనల కన్న యాడి నీకు నేర్పిన ముడి అది. చచ్చిపోయే ముందర దాకా నేర్పింది. తండాల ఇంకెవ్వరూ అట్ల కట్టరు. నా చిన్నప్పుడు నా చొక్కా గుండీలకు నువ్వు గదే ముడి ఏసేదానివి.

నాలుగు కాడ నాలుగు ముడులు. బాగ తీరుబడిగ కట్టినవ్.

సోల్డర్ చూసి రాయమని నిన్నే అడిగిన! సుమో మీద టార్పాలిన్ కప్పిన్రట. కొండమ్మ పిన్ని చూస్తదట. చిన్నోనికి జరమట. వానికి జరం ఉందా అసలు? పంచాయితీల నా మీద నవ్వుతుంటే దడి అవతల నిలబడి విన్నవ్ గదా. "నీకు ఎట్లాగూ మాట్లాడుడు రాదు" అని రాసినవ్. నాకు మాట రాదని నీకు తెల్సు. తండాల అందరికంటే ఎక్కువ నీకు తెల్సు. దాన్నే వాడుకున్నవ్. మాట వచ్చే తమ్ముడుంటే ఈ పని చేసేదానివా?

లైటు మళ్ల బిగించి వచ్చిన. నీ గుమ్మం ముందటి నుంచే పోయిన. లోపలికి రాలే. ఎదురుగ నిలబడితే నా నోరు లేవదు, నీ మొఖం చూస్తే అసలే లేవదు. అందుకే రాస్తున్న. అంటించి పుల్లమ్మత్త చేతికి ఇస్తున్న, ఆమెకు చదువు రాదు.

వచ్చే ఆదివారం పెద్దలు కూసుంటరు, పగిడయ్య మామ కాలు సంగతి మాట్లాడేతందుకు. అప్పట్లోగ నువ్వు చెప్పు, లేకుంటే బావ చెప్పాలె. చెప్పకుంటే నేను సుమో లైట్లు ఇప్పి అందరి ముందట పెడుత.

కోటేష్


తండా
21 జనవరి 2009

కోటేషూ,

పుల్లమ్మ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు, "మీ తమ్ముడు పని మంచిగ చేస్తుండు, నోరే లేదు" అన్నది. ఆమె పోయినంక తలుపేసుకొని చదివిన.

నువ్వు రాసింది నిజం. అన్నీ నిజం.

స్టాండుల ఆయనను ఏడిపిచ్చిన్రు. "మంగీలాలు సుమోకు ఎనక చుక్కలు పొడిసినయ్" అని, "అగ్గిపుల్ల గీసి చూసుకోవాలె" అని. నీ ముందట నవ్విండు గని, ఇంటికొచ్చి మాట్లాడలే. ఒకరోజు మధ్యాహ్నం వాకిట్ల కూసొని లైటు ఇప్పిండు. ఆ వైరు ఈ వైరు తాకిచ్చి చూసిండు. ఒకసారి భగ్గుమంది. "ఇగో చూడు, మీ తమ్మునికి తెల్వలే, ఈ రెండు మారిస్తే సరిపోతది" అన్నడు. నేను రైక కుడుతున్న. టేపు అయిపోయిందంటే దారం తెంపి ఇచ్చిన. ఆయన వేళ్లు లావు, ముడి పడలే. నేనే కట్టిన. అది బ్రేకు అని, ఏదన్న మారితే మనిషి కాలు ఇరుగుతది అని నాకు తెల్వది. నీ మీద ఒట్టు. ఒట్టేసే అర్హత పోయిందనుకుంటే ఇడిసిపెట్టు.

నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఆయనకు చదివి వినిపియ్యమన్నవ్ గదా. సగం చదివిన. మిణుగురు అన్న కాడ ఆయన లేచి పోయిండు. రెండు వెలుగుల సంగతి వినలే. నేను మళ్ల చదవలే. నాకు గూడ అది వైర్ల గొడవ లెక్కనే కనపడ్డది.

గుద్దిన రోజు ఇంటికొచ్చి చెప్పిండు. "నేను తిప్పిన అంటే రోడ్డు మీద నా బతుకు అయిపోయింది. మీ తమ్ముడు పెట్టిన లైట్లే గదా, వాడే పెట్టిండు అంటే అబద్ధం గాదు" అన్నడు. నేను ఊకున్న. ఎందుకు ఊకున్నవ్ అంటవ్. నీ కోపం నాకు తెల్సు తమ్ముడూ. నీ కోపం ఉత్తరంల వస్తది, మడిచి పెట్టెల పెట్టుకుంట. ఆయన కోపం ఇంట్ల ఉంటది. ఇద్దరు పిల్లలతోని ఒకే ఇంట్ల ఉంటది. అందుకే నీ కోపాన్ని ఎంచుకున్న.

గిది రాస్తుంటే నాకే సిగ్గయితుంది. గని నిజం రాయమన్నవ్.

ఆదివారం వద్దు కోటేషూ. నీ కాళ్లు మొక్కుత. లైట్లు ఇప్పకు. ఆ దారం చూస్తే కొండమ్మ పిన్ని గుర్తుపడ్తది. తండాల నేను ఎట్ల తిరగాలె? ఇంకో రెండు నెలలు ఓర్చుకో. చిన్నోనికి జరం అబద్ధం గాదు, నిజంగనే వచ్చింది. అదొక్కటన్న నమ్ము.

లాలి


గూడెం
26 జనవరి 2009

లాలికి,

నిన్న ఏం జరిగిందో నీకు ఎవరన్న చెప్పే ఉంటరు. బావ చెప్పిండో లేదో. నువ్వు రాలే. దడి అవతల చూసిన, నువ్వు లేవు. నా నోటితోని నేనే చెప్తున్న, అందరికంటే నా మాట నువ్వు వినాలె.

నేను పెద్దలకంటే ముందే పోయిన. ఎవ్వరూ లేరు. లైట్లు ఇప్పి, నీ దారం నాలుగు కాడ కొడవలితోని కోసి తీసిన. పాలకవరు ముక్కలు తీసిన. జేబుల పెట్టుకున్న. మళ్ల బిగించిన.

రెడ్యా కాక వచ్చిండు. పగిడయ్య మామను ఆటోల తెచ్చిన్రు, కాలు చాపి మంచం ఏసిన్రు. ఇరవై మంది ఉంటరు. ఏం మాట్లాడాలె అని రాత్రంత మనసుల కట్టుకున్న మాటలు అక్కడికి పోయేసరికి ఒక్కటి లేదు. అప్పుడు నాకు అనిపిచ్చింది, నోటితోని ఎందుకు? తాళం ఇయ్యమని చెయ్యి చాపిన. రెడ్యా కాక బావ దిక్కు చూసిండు. బావ ఇచ్చిండు. అందరినీ సుమో ఎనక్కు రమ్మని చేత్తోనే చూపిచ్చిన. పగిడయ్య మామ మంచం గూడ తిప్పమన్న.

సీట్ల కూసొని హెడ్‌లైట్ ఏసిన. కిటికీల నుంచి తల పెట్టి, "వెలుగుతుందా?" అన్న.

"వెలుగుతుంది" అన్నరు.

బ్రేక్ తొక్కిన. "ఇప్పుడు?"

"వెలుగుతనే ఉంది."

"మారిందా?"

పగిడయ్య మామ అన్నడు, "లే. ఆ పొద్దు గూడ గిట్లనే."

దిగి లైటు ఇప్పిన. "ఈ రెండు జాయింట్లకు సోల్డర్, ఈ రెండిటికి మెలిక. ఒకే చెయ్యి రెండు తీర్ల పని చెయ్యదు" అన్న. గింత పెద్ద మాట నా నోటి నుంచి ఎట్ల వచ్చిందో నాకే తెల్వదు. లచ్చయ్య దగ్గరికొచ్చి వేలితోని ముట్టి చూసిండు. "కరెంటు వచ్చింది పిల్లగానికి" అన్నడు. ఈసారి ఎవరూ నవ్వలే.

బావ నేల చూస్తుండు. రెడ్యా కాక అడగకముందే పగిడయ్య మామ అడిగిండు, "మంగీలాలూ, నాలుగేండ్ల సంది నీ బండి ఎనకనే సంతకు వస్తున్న. మంచుల నీ లైటే నాకు దారి. ఎవరు తిప్పిన్రు?"

"నేనే తిప్పిన" అన్నడు బావ.

ఇప్పుడు విను. రెడ్యా కాక ఆ మెలికను చూసి, "ఇక్కడ ఏదో కట్టిన గుర్తు ఉంది. ఒక్కడు ఈ ఇరుకుల పట్టుకొని కట్టలేడు. ఎవరు పట్టుకున్నరు?" అన్నడు. కొండమ్మ పిన్ని ముందుకు వంగి చూస్తుంది. బావ తల ఎత్తి నా దిక్కు చూసిండు.

"ఒక్కడు కట్టొచ్చు. నేను ఎప్పుడూ ఒక్కణ్ణే కడుత" అన్న.

గట్టిగ అన్న. అందరికి వినపడేటట్టు. బతుకుల మొదటిసారి ఇరవై మంది ముందట తడబడకుంట చెప్పిన మాట అది. అది అబద్ధం. పదిహేడేండ్లు మాట రాక చచ్చిన నేను, మాట వచ్చిన పూటనే నీ కోసం అబద్ధం చెప్పిన. దానికి నాకు ఎంత మంటగ ఉందో నీకు అర్థం గాదు.

తేల్చింది ఇది. ఇగ పగిడయ్య మామ పని బావ చెయ్యాలె. మామ కాలు నయమయ్యే దాకా సుమో వాకిట్లనే ఉండాలె. నన్ను పొమ్మన్నరు. రెడ్యా కాక నా షాపుకు ఫోన్ చేసి గోపాలన్నతోని మాట్లాడిండు. రేపు ఖమ్మం పోతున్న. నిన్న అక్కడనే ఆ నాలుగు వైర్లు సక్కగ మార్చి, సోల్డర్ పెట్టి, మామను మంచం మీద నుంచే చూడమన్న. "ఇప్పుడు భగ్గుమంది" అన్నడు. పుల్లమ్మత్త, "గిది ముందుగాలనే చెయ్యకపోతివి లైట్లోడా" అన్నది. నేనే చేసిన అత్తా, ముందుగాలనే చేసిన అన్న. ఎదురు మాట వచ్చిందని ఆమె సంబరపడ్డది.

నీ పేరు చెప్పలే. గది మాఫీ అనుకోకు. మాఫీ గాదు. నాకు ఉత్తరం రాయకు.

కోటేష్


తండా
6 ఫిబ్రవరి 2009

కోటేషూ,

రాయకు అన్నవ్, రాస్తున్న. గిదొక్కటి చదివి చింపెయ్.

నువ్వు పోయిన మూడోరోజు నేను గూడెంకు పోయిన. పుల్లమ్మ చీపుర్లు దులుపుతుంది. ఆమె ముందట కూసొని చెప్పిన. ముడి నేనే కట్టిన అని. నా తమ్ముడు నా దారం కోసి జేబుల పెట్టుకొని నా కోసం అబద్ధం చెప్పిండు అని. మంచం మీద పగిడయ్య గూడ విన్నడు. నువ్వు దాచినవ్ గని, దాచిన దాని కింద నేను బతకలేకపోయిన.

పుల్లమ్మ తిట్టుతదనుకున్న. తిట్టలే. ఆమె తిట్టకపోతే ఎంత భయంగ ఉంటదో నీకు తెల్సు. లోపలికి పోయి కొడవలి తెచ్చి నా ముందట పెట్టింది. "రేపటి నుంచి రా" అన్నది.

పోతున్న. పిల్లలను కొండమ్మ పిన్ని దగ్గర ఇడిసిపెట్టి మీ బావ ఎనక పోతున్న. పిన్నికి గూడ నేనే చెప్పిన. ఆమె ఎవరికన్న చెప్పకముందే నేను చెప్పిన. దారిల మీ బావ, నేను మాట్లాడుకోం. గుట్ట మీద గూడ మాట్లాడుకోం. ఆయన కోపం ఇంట్ల ఉంటదన్న గదా, ఇప్పుడు అది నా ఎనకనే గడ్డి కోస్తుంది. నాకు ముందు ఉన్నంత భయం లేదు.

మాఫీ అడుగుతలే. నువ్వు నీ పని మళ్ల చేస్తున్నవా, గోపాలన్న వైరింగు ఇచ్చిండా, గదొక్కటే తెల్వాలని ఉంది.

లాలి


కోటేష్ మెసేజ్, బావ ఫోనుకు, 9 ఫిబ్రవరి 2009, పొద్దుగాల:

బావా, గిది లాలక్కకు చదివి వినిపియ్. సగంల లేసి పోకు. షాపుల వైరింగు ఇచ్చిన్రు. కోపం పోలే. పొద్దుగాల మంచుకు గడ్డి తడిగ ఉంటది, తడి గడ్డికి అంచు కత్తి లెక్క ఉంటది, అరిచెయ్యి చీరుకపోతది. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకొని కొయ్యమను. కోపం మాత్రం పోలే.